సోలార్ పవర్ బ్యాంక్ కొంటున్నారా? ముందు దాని మీదున్న ప్యానెల్‌ని కొలవండి

"అన్నా, సోలార్ పవర్ బ్యాంక్ తీసుకోవచ్చా? ఎండలో పెడితే అదే చార్జింగ్ అయితదంట కదా!"

వానాకాలం దగ్గర పడిందంటే చాలు, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఉన్న ఫ్రెండ్స్ నుంచి నాకు ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. ఎందుకు అడుగుతారో తెలిసిందే. గట్టి వాన పడితే కరెంటు పోతుంది, వాగు పొంగితే దారి పోతుంది, అప్పుడు చేతిలో మిగిలేది ఫోన్ ఒక్కటే. ఆ ఫోన్‌కి సూర్యుడే చార్జర్ అయితే ఇంకేం కావాలి అనిపిస్తుంది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మీరు స్మార్ట్‌ఫోన్ వాడేవాళ్లయితే, వెనకాల చిన్న ప్యానెల్ అతికించిన సోలార్ పవర్ బ్యాంక్ కొనొద్దు. ప్యానెల్ పనిచేయదని కాదు. పనిచేస్తుంది. కానీ మనకు అవసరమైన రోజున, అవసరమైనంత పనిచేయదు. అంతకంటే పెద్ద సమస్య ఇంకోటి ఉంది. అది మన చేత ప్లగ్గుకు పెట్టే అలవాటు మాన్పిస్తుంది. ఈ రెండో సంగతి నాకు లెక్కలు చూస్తే తెలియలేదు, మా చుట్టాలింట్లో తెలిసింది.

కొనమన్నది నేనే

2024 సెప్టెంబర్ 1 గుర్తుందా? మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగి ఊళ్లు, తండాలు మునిగిన రోజు. ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. కాజీపేట, విజయవాడ రూట్‌లో రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ వీడియోలు మనందరం ఫోన్లలో చూసినవే.

మా పెద్దమ్మ వాళ్లది ఆ వైపు ఊరే. నీళ్లు తగ్గాక పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "తమ్మీ, కరెంటు లేకున్నా ఫోన్ నడిచే ఉపాయం ఏదన్న ఉంటే చెప్పు" అన్నాడు. గ్యాడ్జెట్ల గురించి రాసేవాణ్ని కదా, నన్ను అడగడం సహజమే. నేను రెండు నిమిషాలు వెతికి, డబ్బా మీద రాసింది నమ్మి, 20000 ఎంఏహెచ్ సోలార్ పవర్ బ్యాంక్ ఒకటి కొనిపించాను. బ్రాండ్ పేరు ఇక్కడ రాయట్లేదు. ఇది ఒక కంపెనీ గొడవ కాదు, ఈ సైజు ప్యానెల్ పెట్టిన ఏ మోడల్‌కైనా ఇదే కథ.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి వాళ్ల ఊళ్లో కరెంటు పోయింది. మర్నాడు సాయంత్రానికీ రాలేదు. పెద్దనాన్నకు ఆయాసం ఎక్కువైంది. 108కి చేద్దామంటే అన్న ఫోన్ స్విచాఫ్. పవర్ బ్యాంక్ తీసి బటన్ నొక్కితే ఒక్క లైటు కూడా వెలగలేదు. అంతకు ముందు రెండు రోజులు దాన్ని కిటికీలో పెట్టే ఉంచాడు. ఆ రెండు రోజులూ ముసురే. చివరికి మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి పక్కింటికి పోయి, వాళ్ల ఫోన్ నుంచి చేశాడు. పెద్దనాన్న ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ అన్న ఆ తర్వాత నాతో అన్న మాట మాత్రం మర్చిపోలేకపోతున్నా.

"ఎండల పెడితే నిండుతదని నువ్వే చెప్తివి గదరా. అందుకే నేను ప్లగ్గుకు పెట్టనే లేదు."

తప్పు ఎక్కడుందో గమనించారా? ఆయన దగ్గర మామూలు పవర్ బ్యాంక్ ఉంటే, మబ్బు పట్టగానే ముందు రోజే గోడ ప్లగ్గుకు పెట్టి నింపుకునేవాడు. పేరులో సోలార్ ఉంది కాబట్టే అది ఖాళీగా ఉండిపోయింది. డబ్బులు వేస్ట్ అవ్వడం చిన్న నష్టం. లేని ధైర్యాన్ని ఉన్నట్టు చూపించడం పెద్ద నష్టం.

అరచేతి ప్యానెల్ లెక్క

కొనిపించే ముందు చేయాల్సిన లెక్క నేను ఆ తర్వాత చేశాను. మీరూ చేయొచ్చు. ఒక స్కేలు, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ఆకాశం తేటగా ఉండి ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, ఒక చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల వెలుగు పడుతుంది. ప్యానెళ్ల మీద వాట్లు రాసేది కూడా ఈ లెక్కతోనే. ఇప్పుడు మన పవర్ బ్యాంక్ మీదున్న ప్యానెల్ చూడండి. మహా అయితే 14 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు. అంటే 98 చదరపు సెంటీమీటర్లు. చదరపు మీటరులో వందో వంతు కూడా లేదు. కాబట్టి దాని మీద పడే మొత్తం వెలుగే 10 వాట్ల లోపు. అందులో 18 శాతాన్ని సెల్ కరెంటుగా మార్చిందనుకున్నా వచ్చేది 1.8 వాట్లు. సెల్స్ మధ్య ఖాళీలు, పైనున్న ప్లాస్టిక్ పూత, వేడికి తగ్గేది అన్నీ తీసేస్తే చేతికొచ్చేది 1.2 నుంచి 1.5 వాట్లు.

ఇక బ్యాటరీ. 10000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల దగ్గర 37 వాట్-అవర్లు. 20000 అయితే 74. మన దగ్గర ఉదయం, సాయంత్రం పడే లేత ఎండను కూడా కలిపి చూస్తే, ఫుల్ ఎండ రోజుకు సుమారు 5 గంటల కింద లెక్క. 1.2 వాట్లని 5 గంటలతో గుణిస్తే రోజుకు 6 వాట్-అవర్లు. చార్జింగ్ సర్క్యూట్‌లో పోయేది పోగా బ్యాటరీలోకి చేరేది 5. ఇప్పుడు ఈ మూడు వరసలు చూడండి:

• 10000 ఎంఏహెచ్ నిండాలంటే, మబ్బు లేని ఎండలో: 7 రోజుల పైనే
• 20000 ఎంఏహెచ్ నిండాలంటే: 15 రోజులు
• అదే 10000 ఎంఏహెచ్‌ని 10 వాట్ల మామూలు చార్జర్‌తో నింపాలంటే: నాలుగున్నర గంటలు

ఇంకోలా చెప్తా. 5000 ఎంఏహెచ్ ఉన్న మన ఫోన్ బ్యాటరీ దాదాపు 19 వాట్-అవర్లు. పవర్ బ్యాంక్‌లోకి రోజంతా చేరిన 5 వాట్-అవర్లు ఫోన్‌లోకి ఎక్కేసరికి 4 అవుతాయి. అంటే పొద్దంతా ఎండలో కాపలా కాస్తే ఫోన్‌కి దక్కేది ఐదో వంతు. రెండు రీల్స్ చూసి, ఒక వీడియో కాల్ మాట్లాడి, కాస్త గేమ్ ఆడితే అయిపోతుంది.

దీన్ని బట్టి సోలార్ అంటేనే మోసం అనుకోవద్దు. పీఎం సూర్యఘర్ పథకం కింద ఇళ్ల మీద పెట్టుకుంటున్న ప్యానెళ్లు చూడండి. 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తున్నారు, బాగానే పనిచేస్తున్నాయి. కానీ అక్కడ ఒక్క కిలోవాట్‌కే సుమారు 100 చదరపు అడుగుల డాబా కావాలి. సోలార్‌కి కావాల్సింది జాగా. జేబులో పట్టే వస్తువులో అదే ఉండదు.

జనగామ డాబా మీద పరీక్ష

లెక్క లెక్కే, చేసి చూస్తేనే కదా నమ్మకం. వానలకు పేరున్న ఊరు కాదు మా జనగామ, ఎండకు మాత్రం కరువు లేదు. సోలార్‌కి ఇంతకంటే మంచి అవకాశం ఎక్కడ ఇస్తాం?

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ పవర్ బ్యాంకుల్లో ప్యానెల్ వైర్లు లోపలే బ్యాటరీకి కలిపి ఉంటాయి. కాబట్టి బయట నుంచి యూఎస్‌బీ మీటర్ పెట్టి ప్యానెల్ ఎంత ఇస్తుందో కొలవలేం. యూట్యూబ్‌లో చాలామంది లైటు వెలగడం చూపించి "చూశారా, చార్జ్ అవుతోంది" అనేది ఇందుకే. ఆ లైటు మా ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద పెట్టినా వెలిగింది. వెలుగు తగిలి ప్యానెల్‌లో కాస్త వోల్టేజ్ వస్తే చాలు, లైటు వెలుగుతుంది. కరెంటు లోపలికి ఎంత పోతుందో అది చెప్పదు.

అందుకే దారి మార్చాను. పవర్ బ్యాంక్‌ని పూర్తిగా ఖాళీ చేసి, ఏప్రిల్‌లో మబ్బు లేని ఒక రోజు, ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా డాబా మీద పెట్టాను. గంటకోసారి ఎక్కి ఎండ వైపు తిప్పాను. సాయంత్రం నీడలో చల్లబరిచి, మీటర్ పెట్టి ఫోన్‌కి తగిలించాను. బయటికొచ్చింది 4 వాట్-అవర్ల కంటే కొంచెం ఎక్కువ. ఫోన్ 14 శాతం నుంచి 33కి వచ్చి ఆగిపోయింది. లెక్క చెప్పింది ఎంతో, ఎండ ఇచ్చింది అంతే.

గంటకోసారి డాబా ఎక్కే ఓపిక ఎవరికుంటుంది? కాబట్టి ఇంకో రోజు, ప్రకటనల్లో చూపించినట్టే చేశాను. బ్యాగ్‌కి వేలాడదీసుకుని బైక్ మీద స్టేషన్ ఘన్‌పూర్ దాకా పోయి, పనులు చూసుకుని సాయంత్రం తిరిగొచ్చాను. ఈసారి ఫోన్‌కి ఎక్కింది 5 శాతం లోపే. బ్యాగ్‌కి నిలువుగా వేలాడే ప్యానెల్ మీద మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా జారిపోతుంది. పైగా ఈ చిన్న ప్యానెల్‌లో సెల్స్ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి. ఒక మూల మీద చెయ్యి నీడ పడ్డా, మొత్తం వరసలో కరెంటు పడిపోతుంది. కిటికీ అద్దం వెనక పెడితే ఇంకా తక్కువ.

మబ్బు పట్టిన రోజు సంగతి

జనగామలో దొరికింది బెస్ట్ కేస్. అసలు పరీక్ష వానలో ఉంటుంది. దానికి మన జిల్లాల్లో ఇటీవల జరిగినవే గుర్తు చేసుకుందాం.

2023 జూలై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరిని ముంచేసింది. జనం ఇళ్ల పైకప్పులు, చెట్లు ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఇదే భూపాలపల్లి జిల్లాలో చెల్పూర్ దగ్గర 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ ప్లాంటు ఉంది, చుట్టూ సింగరేణి గనులున్నాయి. కరెంటు పుట్టే జిల్లా అది. అయినా వాగు ఊరి మీదికి వస్తే స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కడివక్కడే. అలాంటి రోజు ఫోన్‌లో మిగిలిన 10 శాతం అంటే, 'మేం ఇక్కడున్నాం' అని చెప్పడానికి మిగిలిన దారి.

ఆ రోజు మోరంచపల్లిలో ఎవరి చేతిలోనైనా ఖాళీ సోలార్ పవర్ బ్యాంక్ ఉందనుకోండి. దట్టమైన వాన మబ్బు కింద వెలుగు ఫుల్ ఎండలో పదో వంతుకు పడిపోతుంది, ఒక్కోసారి ఇంకా తక్కువ. అంటే 1.2 వాట్ల ప్యానెల్ ఇచ్చేది 0.12 వాట్లు. ఒకసారి చార్జ్ చేస్తే రెండు రోజులు వచ్చే ఫోన్ కూడా సగటున 0.4 వాట్లు తాగుతుంది. సిగ్నల్ కోసం వెతుక్కునే చోట ఇంకా ఎక్కువ. కాబట్టి ప్యానెల్ ఇచ్చే దానితో ఫోన్ చార్జ్ అవ్వడం పక్కన పెట్టండి, జేబులో ఊరికే ఉంచుకోవడానికి కూడా సరిపోదు.

మన వైపు ఫోన్ చార్జింగ్‌కి కరువొచ్చే రోజులూ, ఎండకు కరువొచ్చే రోజులూ ఒకటే. ఎడారిలో తిరిగేవాళ్లకు ఇది వర్తించదు. ఆకేరు, మోరంచ ఒడ్డున ఉండేవాళ్లకు వర్తిస్తుంది. "ఎమర్జెన్సీ కోసం" అని సోలార్ పవర్ బ్యాంక్ అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఇదే.

ఎండ ఎక్కువైనా కష్టమే

సరే, వానను వదిలేద్దాం. ఎండాకాలంలోనైనా వాడుకోవచ్చు కదా అంటారా? 2025 మే 15 నుంచి 26 దాకా కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు జరిగాయి. మే నెల, గోదావరి ఇసుక, నెత్తి మీద నిప్పులు. సోలార్‌కి ఇంతకంటే ఎండ దొరకదు. కానీ అక్కడే ఇంకో సమస్య మొదలవుతుంది.

లిథియం-అయాన్ బ్యాటరీని చార్జ్ చేయడానికి మామూలుగా పెట్టుకునే పై హద్దు 45 డిగ్రీలు. మన దగ్గర మే నెలలో గాలి వేడే 43, 44 డిగ్రీలు దాటుతుంది. నల్లటి ప్లాస్టిక్ డబ్బాను ఆ ఎండలో పెడితే దాని వేడి 60 డిగ్రీలు దాటడం పెద్ద వింత కాదు. మంచి సర్క్యూట్ ఉన్న పవర్ బ్యాంక్ అయితే ఆ వేడికి చార్జింగ్ ఆపేస్తుంది, అంటే ఎండ ఉండీ లాభం లేదు. చవక రకం ఆపదు. దాంట్లో బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది, ఉబ్బుతుంది, ఖర్మ బాగోకపోతే అంటుకుంటుంది. ప్యానెల్‌కీ వేడి పడదు. సిలికాన్ సెల్ 25 డిగ్రీల నుంచి పైకి పోయే ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తక్కువ ఇస్తుంది. 65 డిగ్రీల దగ్గర సుమారు ఏడో వంతు పోయినట్టే.

అసలు డిజైన్‌లోనే తిరకాసు ఉంది. ప్యానెల్‌కి ఎండ కావాలి, బ్యాటరీకి నీడ కావాలి. ఈ రెండింటినీ వీపుకు వీపు అతికించి అమ్ముతున్నారు. ఒకదానికి మంచి చేస్తే రెండోదానికి చెడు జరుగుతుంది. కారు డాష్‌బోర్డు మీద పెట్టి డోర్లు వేసి పోయేవాళ్లున్నారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

ఎవరికి పనికొస్తుంది?

ఇంత తిట్టాక ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఇది నిజంగా పనికొచ్చే వాళ్లున్నారు. వాళ్లు ఈ సైట్ చదివేవాళ్లు కాకపోవచ్చు. మన ఇళ్లల్లో, మన ఊళ్లల్లో ఉంటారు.

జనగామ వైపు గొర్ల మందలు తోలుకుని రోజుల తరబడి బయట తిరిగే మన గొల్ల కురుమ కాకల చేతిలో ఏముంటుంది? బటన్ ఫోన్. దాని బ్యాటరీ 1000 ఎంఏహెచ్ దగ్గర్లో ఉంటుంది, అంటే 3.7 వాట్-అవర్లు. నా డాబా పరీక్షలో ఒక రోజు ఎండ ఇచ్చింది 4. ఛార్జింగ్‌లో పోయేది పోయినా ఆ ఫోన్ దాదాపు నిండుతుంది. నిండితే మూడు నాలుగు రోజులు వస్తుంది. రాత్రి మంద దగ్గర దాని ఎల్‌ఈడీ లైటు కూడా పనికొస్తుంది. ఒక రోజు ఎండకు మూడు రోజుల ఫోన్ అంటే మంచి బేరమే కదా.

అదే పవర్ బ్యాంక్, అదే ప్యానెల్, అదే ఎండ. తాగే ఫోన్ మారింది, అంతే. 5జీ ఫోన్ పట్టుకుని తిరిగే మనకు దండగైనది, బటన్ ఫోన్ కాకకు దండిగా సరిపోతుంది.

మరి మనం ఏం తీసుకోవాలి?

మొదటిది, మామూలు పవర్ బ్యాంక్. 10000 లేదా 20000 ఎంఏహెచ్. సోలార్‌కి పెట్టే అదనపు డబ్బులు మంచి సెల్స్ ఉన్న దానికి పెట్టండి. కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. వెనకాల బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఏ కంపెనీదో తెలుస్తుంది. తర్వాత 'రేటెడ్ కెపాసిటీ' అని చిన్న అక్షరాల్లో ఉండే అంకె చదవండి. 10000 అని పెద్దగా రాసిన దానికి 5 వోల్టుల దగ్గర 6000 అటూ ఇటూ ఉంటే అది మోసం కాదు, వోల్టేజ్ మార్పులో పోయేది పోగా మిగిలే నిజమైన లెక్క. మూడోది బరువు. 3000 ఎంఏహెచ్ దాకా ఇచ్చే ఒక 18650 సెల్ బరువే 45 గ్రాముల పైన ఉంటుంది. 50000 ఎంఏహెచ్ అంటే అలాంటివి 16, 17 కావాలి, అంటే సెల్స్ బరువే ముప్పావు కిలో. "50000 ఎంఏహెచ్ సోలార్" అని రాసి ఉన్న డబ్బా పావు కిలో తూగితే, కిరాణా కొట్టు కాంటాయే మీకు రివ్యూ చెప్పేసినట్టు.

రెండోది, బైక్‌కి యూఎస్‌బీ సాకెట్. దీన్ని మనవాళ్లు పట్టించుకోరు. 5 వోల్టులు, 2 ఆంపియర్లు ఇచ్చే మామూలు సాకెట్ అంటే 10 వాట్లు. సోలార్ పవర్ బ్యాంక్ ప్యానెల్‌కి ఎనిమిది రెట్లు. వాన పడుతున్నా, రాత్రయినా ఇస్తుంది. ఇంటి ముందు గంట సేపు ఇంజిన్ ఆన్ చేసి పెడితే ఫోన్ దాదాపు సగం దాకా వస్తుంది. గాలి ఆడే చోట మాత్రమే చేయండి, తలుపులేసిన గదిలో ఇంజిన్ నడపడం ప్రాణాల మీదికి తెస్తుంది. ట్రాక్టర్, ఆటో ఉన్నవాళ్లకు ఇంకా సులువు.

మూడోది, నిజంగా సోలారే కావాలంటే విడిగా మడత ప్యానెల్. 20 వాట్లది తెరిస్తే దాదాపు రెండు ఏ4 కాగితాలంత సెల్స్ ఉంటాయి. మంచి ఎండలో 12 నుంచి 15 వాట్లు ఇస్తుంది, అంటే ఒక రోజులో 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ నిండుతుంది. ప్యానెల్ ఎండలో, పవర్ బ్యాంక్ దాని కింద నీడలో. పైన చెప్పిన తిరకాసు ఇక్కడ ఉండదు. ఒకప్పుడు భూపాలపల్లి జిల్లాలోనే ఉండి 2019 నుంచి ములుగు జిల్లాలోకి వెళ్లిన మేడారం సంగతే తీసుకోండి. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జాతర. నాలుగు రోజులు గుడారం వేసుకుని, నలుగురైదుగురు ఫ్రెండ్స్, తేట ఆకాశం. అలాంటి చోట ఒక మడత ప్యానెల్ గుంపు మొత్తానికి అక్కరకొస్తుంది. ఒక చిట్కా: ప్యానెల్‌ని ఫోన్‌కి డైరెక్ట్‌గా పెట్టొద్దు. మబ్బు అడ్డమొచ్చి పోయాక కొన్ని ఫోన్లు మళ్లీ చార్జింగ్ మొదలుపెట్టవు. పవర్ బ్యాంక్‌ని నింపి, దాని నుంచి ఫోన్‌ని నింపండి.

నాలుగోది వస్తువు కాదు, అలవాటు. హైదరాబాద్ వాతావరణ కేంద్రం మన జిల్లాకు ఆరెంజ్, రెడ్ అలర్ట్ ఇచ్చిందంటే, ఆ రాత్రే ఫోన్, పవర్ బ్యాంక్, టార్చ్ లైట్ మూడూ ప్లగ్గుకు పెట్టండి. నిండిన పవర్ బ్యాంక్ బీరువాలో నెల ఉన్నా పెద్దగా తగ్గదు, నెలకోసారి చూసుకుంటే చాలు. కరెంటు పోయాక ఫోన్‌లో డేటా ఆపేసి, బ్యాటరీ సేవర్ పెట్టి, కాల్స్‌కి మాత్రమే వాడితే నిండిన 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌తో ఇంకో మూడు నాలుగు రోజులు గడుస్తాయి.

రివ్యూలు రాసే మనకు కూడా ఒక మాట

ఈ తప్పులో అమ్మేవాళ్ల వాటా ఎంతో, నాలాంటి వాళ్ల వాటా అంతే ఉంది. సోలార్ పవర్ బ్యాంక్ వస్తే మనం ఏం రాస్తాం? లుక్ బాగుంది, రెండు పోర్టులున్నాయి, టార్చ్ ఉంది, "ట్రెక్కింగ్‌కి, ఎమర్జెన్సీకి సూపర్". ఏసీ రూమ్‌లో ప్లగ్గుకు పెట్టి నింపి, దాన్నే టెస్ట్ చేసి మార్కులు వేస్తాం. ప్యానెల్‌ని ఎవరం పరీక్షించం, ఎందుకంటే దానికి ఒక రోజంతా డాబా మీద పోతుంది.

ఇక నుంచి నేను రాసే ప్రతి సోలార్ గ్యాడ్జెట్ రివ్యూలో మొదటి లైన్‌లో రెండు అంకెలు ఉంటాయి. ప్యానెల్ అసలు వాట్లు ఎన్ని, ఖాళీ బ్యాటరీని ఒక రోజు ఎండలో పెడితే ఫోన్‌కి ఎన్ని శాతం వచ్చింది. కంపెనీలు కూడా ఎంఏహెచ్ ఎంత పెద్ద అక్షరాల్లో రాస్తాయో, ప్యానెల్ వాట్లు అంతే పెద్దగా రాయాలి. 1.2 వాట్లని డబ్బా మీద చూసిన ఏ డిప్లొమా కుర్రాడైనా 74 వాట్-అవర్లు ఎన్ని రోజులకు నిండుతాయో నిమిషంలో చెప్పేస్తాడు. దాచిపెట్టడం వల్లే కదా అమ్ముడుపోతోంది.

"ఏదో ఒకటి లేనిదానికంటే నయం కదా" అనేవాళ్లు ఉంటారు. మామూలుగా అయితే ఒప్పుకునేవాణ్ని. కానీ మా అన్న విషయంలో ఆ ఏదో ఒకటి, లేనిదానికంటే నష్టమే చేసింది. ఏమీ లేకపోతే ఫోన్‌లో ఉన్న చార్జింగ్‌నే జాగ్రత్తగా వాడుకునేవాడు. చేతిలో సూర్యుడున్నాడు అనుకోబట్టే ముందు రోజు రాత్రి దాకా వీడియోలు చూశాడు.

ఆ సోలార్ పవర్ బ్యాంక్ ఇప్పుడు వాళ్ల ఊళ్లో గొర్లు కాసే ఒక కాక దగ్గర ఉంది, ఆయన బటన్ ఫోన్‌తో హాయిగా నడుస్తోంది. అన్నకు నేను నా డబ్బులతో ఒక మామూలు 20000 ఎంఏహెచ్‌ది కొనిచ్చాను. మొన్న మబ్బు పట్టిన రోజు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. టీవీ పక్కన ప్లగ్గుకు పెట్టి ఉంది, నాలుగు లైట్లూ వెలుగుతున్నాయి.

మీది ఎంత ఉందో ఒకసారి లేచి చూడండి.